బ్రిటన్ రోడ్ల మీద పాత కార్లు, చూడదగ్గ లారీలు: గుర్తుపట్టే పద్ధతి

మన దగ్గర నంబరు చూస్తే బండి ఏ ఆర్టీఓ ఆఫీసుదో తెలుస్తుంది గానీ ఏ సంవత్సరందో తెలియదు. బ్రిటన్‌లో సంవత్సరం కూడా ప్లేటు మీదే ఉంటుంది. చదువుకోవడానికో ఉద్యోగానికో అక్కడికి వెళ్లి, బస్టాపులో నిలబడ్డప్పుడు పాత బండ్ల వెంట చూపు పోతున్నవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది ప్లేటు చదవడమే. బండి ఆకారం ఆ తర్వాతి సంగతి.

ప్లేటు ఏం చెబుతుంది

ఇప్పటి ప్లేటులో రెండు అక్షరాలు, రెండు అంకెలు, మళ్లీ మూడు అక్షరాలు ఉంటాయి. ఇది 2001 సెప్టెంబరు 1న మొదలైంది. మధ్యలో ఉన్న రెండంకెలే వయసు. మార్చి నుంచి ఆగస్టు లోపు రిజిస్టరైతే ఆ ఏడాది చివరి అంకెలు వేస్తారు, సెప్టెంబరు నుంచి అయితే వాటికి 50 కలుపుతారు. 09 అంటే 2009 మార్చి తర్వాతది, 59 అంటే అదే ఏడు సెప్టెంబరు తర్వాతది. పాత బండ్లు వెతికేవాళ్లకు వీటితో పెద్దగా పని ఉండదు.

పని ఉండేది అంతకు ముందు నడిచిన రెండు వరుసలతో. ప్లేటు ఒక్క అక్షరంతో మొదలై తర్వాత అంకెలు, చివర మూడు అక్షరాలు ఉంటే అది 1983 ఆగస్టు నుంచి 2001 ఆగస్టు లోపుది. ఏ అంటే 1983, హెచ్ అంటే 1990, ఆర్ అంటే 1997. దీనికి తిరగేసినట్టు, మూడు అక్షరాలు, అంకెలు, చివర ఒక్క అక్షరం ఉంటే 1963 నుంచి 1983 జూలై లోపుది. ఈ పాత వరుసలో కె అంటే 1971 ఆగస్టు నుంచి ఏడాది పాటు, పి అంటే 1975, ఎస్ అంటే 1977, ఆఖరిదైన వై అంటే 1982 ఆగస్టు నుంచి. రెండు వరుసల్లోనూ సంవత్సరం కోసం ఐ, ఓ, క్యూ, యూ, జడ్ వాడలేదు. పట్టికంతా బట్టీ పట్టక్కర్లేదు. అక్షరం ముందుందా, చివరుందా అన్నది చూస్తే పదేళ్లు అటూ ఇటూగా వయసు తేలిపోతుంది.

ప్లేటు రంగూ పనికొస్తుంది. నల్ల పలక మీద తెల్ల లేదా వెండి అక్షరాలు ఉంటే ఆగి చూడండి. 1980 జనవరి 1కి ముందు తయారై, హిస్టారిక్ తరగతిలో నమోదైన బండ్లకే ఆ పలక పెట్టుకునే హక్కుంది. తెల్ల పలక మీద ఎర్ర అక్షరాలుంటే అది ట్రేడ్ ప్లేటు. అమ్మకానికో మరమ్మతుకో డీలర్లు తిప్పే బండి అన్నమాట.

ఇక మోసపోయే చోట్లు. బ్రిటన్‌లో డబ్బు కట్టి ఇష్టమైన నంబరు తగిలించుకోవచ్చు. కానీ ఒక నియమం ఉంది: ఉన్న వయసు కంటే కొత్తగా కనిపించే నంబరు పెట్టకూడదు, పాతగా కనిపించేది పెట్టొచ్చు. అంటే బండి ప్లేటు కంటే కొత్తదై ఉండొచ్చు గానీ పాతదై ఉండదు. నిగనిగలాడే కొత్త రేంజ్ రోవర్‌కు 1972 నాటి కె ప్లేటు ఉంటే ఆశ్చర్యపోవద్దు. ఐ గానీ జడ్ గానీ ఉన్న నంబర్లు ఉత్తర ఐర్లాండువి. వాటిలో సంవత్సరమే ఉండదు కాబట్టి బస్సుల కంపెనీలు పాత కోచ్‌ల వయసు దాచడానికి వాటిని తెగ వాడతాయి. క్యూతో మొదలైతే వయసు తేలని బండి, లేదా రకరకాల భాగాలతో కట్టింది.

అనుమానం తీరాలంటే బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ వెబ్‌సైట్లో నంబరు కొట్టండి, ఉచితం. తయారీ కంపెనీ, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ఇంజిన్ సీసీ, రంగు వస్తాయి; యజమాని పేరు రాదు. మోడల్ పేరు, మైళ్ల లెక్క కావాలంటే ఎంఓటీ చరిత్ర చూడాలి. మన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లాంటి ఆ పరీక్ష వివరాలు 2005 నుంచి ఉన్నాయి. నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండికి ఎంఓటీ తప్పనిసరి కాదు. అందువల్ల ఒక పాత కారుకు పదేళ్లుగా పరీక్షే లేదని కనిపిస్తే అది దొంగబండి అనుకోనక్కర్లేదు. నంబరు కొడితే అసలేమీ రాకపోతే చాలాసార్లు కారణం ఒకటే: సున్నాకూ ఓ అక్షరానికీ ప్లేటు మీద తేడా కనిపించదు. కొత్త ప్లేటులో మూడు, నాలుగు స్థానాల్లో ఎప్పుడూ అంకెలే ఉంటాయని గుర్తుంచుకుని సరిదిద్దుకోండి.

మనకు ముందే తెలిసిన ఆకారాలు

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన బండ్లలో చాలా వాటి పుట్టిల్లు బ్రిటనే. అంబాసిడర్ అంటే 1956 నుంచి 1959 వరకు బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. దానికి ముందు మన దగ్గర నడిచిన ల్యాండ్‌మాస్టర్ రెండో సిరీస్. బ్రిటన్ రోడ్డు మీద ఆ గుండ్రటి వీపు కనిపిస్తే వెంటనే ప్లేటు చూడండి. 1990ల్లో కొన్ని అంబాసిడర్లు బ్రిటన్‌కు దిగుమతయ్యాయి కాబట్టి, అక్షరం ముందున్న ప్లేటు ఉంటే అది ఆక్స్‌ఫర్డ్ కాక బెంగాల్‌లోని మన ఉత్తరపారా ఫ్యాక్టరీ కారే కావచ్చు.

మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు మూలం ట్రయంఫ్ హెరాల్డ్. దీన్ని గుర్తుపట్టడం తేలిక: బానెట్‌తో పాటు ముందు మడ్‌గార్డులు కూడా ఒకే ముక్కగా ముందుకు లేస్తాయి. తలుపులు లెక్కపెట్టండి. బ్రిటన్ హెరాల్డ్‌కు రెండే, నాలుగు తలుపుల హెరాల్డ్ చేసింది మద్రాసువాళ్లే. కాంటెసా ముఖం వాక్స్‌హాల్ విక్టర్ ఆఖరి తరానిది. అప్పట్లో ఎవరూ పట్టించుకోని స్టాండర్డ్ 2000 అయితే రోవర్ ఎస్‌డీ1. బ్రిటన్‌లో దానికి ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్ కూడా వచ్చేది, మనకు మాత్రం పాత రెండు లీటర్ల ఇంజిన్ పెట్టి అమ్మారు. ఆ కారు మన దగ్గర ఎందుకు నిలవలేదో అసలు వీ8 శబ్దం ఒకసారి వింటే అర్థమవుతుంది.

తరచూ కనిపించే మిగతా వాటిలో సంవత్సరాన్ని పట్టిచ్చే ఒక్కో గుర్తు ఉంటుంది. మోరిస్ మైనర్ ముందు అద్దం మధ్యలో పుల్ల ఉండి రెండు ముక్కలుగా ఉంటే 1956కు ముందుది, ఒకే వంపు అద్దమైతే తర్వాతది. పాత మినీకి తలుపు కీళ్లు బయటికి కనిపిస్తూ, కిటికీ అద్దాలు పక్కకు జరిపేవి అయితే 1959 నుంచి 1969 దాకా నడిచిన తొలి తరాలవి. ఎంజీబీకి మెరిసే క్రోమ్ బంపరుంటే 1974 లేదా అంతకు ముందుది. నల్ల రబ్బరు బంపర్లు అమెరికా నిబంధనల కోసం తర్వాత వచ్చాయి. ల్యాండ్ రోవర్‌కు హెడ్‌లైట్లు మధ్యలో గ్రిల్ దగ్గర ఉంటే 1960ల చివరి వరకు వచ్చినది, పక్క మడ్‌గార్డుల్లోకి జరిగితే ఆ తర్వాతది.

ఎక్కువమందిని బోల్తా కొట్టించేవి మూడు. మోర్గాన్ కంపెనీ ఇప్పటికీ 1930ల ఆకారంలో కొత్త కార్లు చేస్తుంది. పెళ్లిళ్లకు వచ్చే పొడవాటి బానెట్ తెల్లకారు చాలాసార్లు బ్యూఫోర్డ్: 1980ల్లో పుట్టిన కిట్ కారు (విడిభాగాల సెట్టు కొని కట్టుకునేది), కూర్చునే భాగం మినీ బాడీయే. ఏసీ కోబ్రాలా కనిపించేదాన్ని నకలు అనుకునే మొదలుపెట్టండి. అసలువి దాదాపు వెయ్యే, అవి పెట్రోలు బంకుల దగ్గర దొరకవు.

లారీలు

లారీని టైర్లు లెక్కపెట్టి చెప్పడం మన అలవాటు. బ్రిటన్‌లో చక్రాల జంటను ఒక చక్రంగా లెక్కేస్తారు. మన పన్నెండు టైర్ల లారీ వాళ్లకు ఎనిమిది చక్రాల బండి. దాని గరిష్ఠ బరువు 32 టన్నులు. ఆరు యాక్సిళ్ల ట్రెయిలర్ లారీకి 44 టన్నులు. అంతకు మించిన భారం లాగే బండి ముందు ఎస్‌టీజీఓ క్యాట్ అని, పక్కన 1, 2 లేదా 3 అని బోర్డు ఉంటుంది. క్యాట్ 1 అంటే 50 టన్నుల దాకా, 2 అంటే 80, 3 అంటే 150. ఆ బోర్డున్న బండి వస్తుంటే కెమెరా తీయండి. వెనక ట్రాన్స్‌ఫార్మరో, వంతెన దూలమో ఉంటుంది.

పాత స్కానియా పేరు ఒక లెక్క. 143 అంటే 14 లీటర్ల ఇంజిన్, మూడో సిరీస్. 112 అంటే 11 లీటర్లు, రెండో సిరీస్. 164 అంటే 16 లీటర్లు, నాలుగో సిరీస్. 143, 164 అన్నవి వీ8లు, ఈ అభిరుచి ఉన్నవాళ్లు వెతికేది వాటినే. ఇప్పటి స్కానియా ముందు ఆర్ 580 అని ఉంటే ఆర్ అన్నది క్యాబిన్ రకం, 580 హార్స్‌పవర్. ఎస్ అయితే లోపల నేల చదునుగా ఉండే ఎత్తైన క్యాబిన్.

బ్రిటన్ సొంత లారీలు మాత్రం అంతరించాయి. ఈఆర్‌ఎఫ్, ఫోడెన్ రెండూ చెషైర్‌లోని శాండ్‌బాచ్ అనే ఒకే ఊరివి. ఫోడెన్ 2006లో, ఈఆర్‌ఎఫ్ మరుసటి ఏడు ఆగిపోయాయి. లేలాండ్ పేరు పోయినా లేలాండ్ ఊరి ఫ్యాక్టరీలో ఇప్పుడు డాఫ్ లారీలు తయారవుతున్నాయి. అశోక్ లేలాండ్ కామెట్‌కు మూలమైన లారీనీ, దాని తోబుట్టువులనూ చూడాలంటే అదే ఊళ్లోని బ్రిటిష్ కమర్షియల్ వెహికల్ మ్యూజియానికి వెళ్లాలి. రోడ్డు మీదే చూడాలంటే ఎగ్జిబిషన్ రంగులరాట్నాలు మోసుకుతిరిగేవాళ్ల దగ్గర వెతకండి. వాళ్ల బండ్లు ఏడాదికి తక్కువ మైళ్లే తిరుగుతాయి, అందుకే ఈఆర్‌ఎఫ్‌లు, ఫోడెన్లు అక్కడ ఇంకా బతికున్నాయి. ఈస్టర్ నుంచి శరదృతువు దాకా మీ ఊరి మైదానంలో రాట్నం దిగితే, దిగిన రోజో ఎత్తేసే రోజో వెళ్లండి. మధ్య రోజుల్లో లారీలు స్టాళ్ల వెనక ఇరుక్కుని కనిపించవు.

పాత కామర్ లారీ వస్తుంటే చూడకముందే చెవికి తెలుస్తుంది. దాని టీఎస్3 ఇంజిన్ టూ స్ట్రోక్ డీజిల్. మూడే సిలిండర్లు, ఒక్కోదానిలో ఎదురెదురుగా రెండేసి పిస్టన్లు. ఆ కేక ఇంకే లారీకీ లేదు.

ఎక్కడ, ఎప్పుడు

చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు పాత ఇనుమును తినేస్తుంది కాబట్టి యజమానులు నవంబరు నుంచి మార్చి దాకా కార్లు బయటికి తీయరు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఎండకాసే ఆదివారం పొద్దున పది నుంచి ఒంటి గంట మధ్య, ఊరి బయట రెండు వరుసల రోడ్డు పక్కన మంచి పబ్బు ఎక్కడుందో చూసుకుని అక్కడుండండి. ఏప్రిల్ 23 దగ్గరి ఆదివారం డ్రైవ్ ఇట్ డే. ఆ రోజు దేశమంతా పాత బండ్లు రోడ్డెక్కుతాయి. నవంబరు మొదటి ఆదివారం లండన్ నుంచి బ్రైటన్‌కు 1905కు ముందు నాటి కార్లు పోతాయి. తెల్లవారుతుండగా హైడ్ పార్కులో బయలుదేరతాయి, చూడ్డానికి టికెట్ లేదు.

లారీలకు ఏ14 రోడ్డు మంచిది, ఫెలిక్స్‌టో రేవు కంటెయినర్ లారీలు ఎక్కువగా ఆ దారినే. వేల్స్‌లో హోలీహెడ్ వైపు వెళ్లే ఏ55 మీద ఐరిష్ లారీలు దొరుకుతాయి. బండ్లను ముస్తాబు చేయడంలో వాళ్లది పెద్ద చేయి. వాళ్ల ప్లేటులో మొదటి అంకెలే సంవత్సరం, తర్వాత కౌంటీని (మన జిల్లా లాంటిది) చెప్పే ఒకటో రెండో అక్షరాలు. 2013 నుంచి మూడో అంకె కలిసింది: 131 అంటే ఆ ఏడు మొదటి సగం, 132 అంటే రెండో సగం.

వంతెన మీంచి ఫోటో

మోటార్‌వే పక్క షోల్డర్‌లో ఫోటో కోసం ఆగడం నేరం. దాని మీదుగా పోయే కాలినడక వంతెన ఎంచుకోండి. ఎదురొచ్చే బండ్ల వైపు తిరిగి నిలబడితే అవి మీ కుడిచేతి పక్క ఉంటాయి. మూడు వరుసలున్న చోట ఏడున్నర టన్నులు దాటిన లారీలు రోడ్డు మధ్య డివైడర్ పక్కనున్న వరుసలోకి రాకూడదు, కాబట్టి వంతెన కుడి చివరకు జరగండి. పొద్దున తూర్పుకు వెళ్లే లారీల ముఖం మీద వెలుగు పడుతుంది, సాయంత్రం పడమటికి వెళ్లేవాటి మీద.

లారీలకు 56 మైళ్ల దగ్గర స్పీడ్ లిమిటర్ ఉంటుంది. ముఖం స్పష్టంగా రావాలంటే షట్టర్ సెకనులో 500వ వంతు చాలు. పక్కనుంచి తీసేటప్పుడు అదే వేగం పెడితే చక్రాలు గడ్డకట్టి, బండి ఆగి ఉన్నట్టు కనిపిస్తుంది. 125వ వంతుకు తగ్గించి బండితో పాటు కెమెరా తిప్పండి. ఫ్లాష్ వద్దు. కంచె బయటికి చేయి, ఫోను, నీళ్ల సీసా ఏదీ చాపొద్దు. వంతెన మీంచి రాళ్లు వేసే ఘటనల వల్ల డ్రైవర్లు పోలీసులకు ఫోన్ చేస్తారు. పోలీసులు వచ్చి అడిగితే ఫోటోలు చూపించి, విషయం చెబితే సరిపోతుంది. బహిరంగ స్థలంలో ఫోటో తీయడం నేరం కాదు.

ట్రక్ స్టాపు మాత్రం ప్రైవేటు స్థలం, కౌంటర్లో అడిగి లోపలికెళ్లండి. క్యాబిన్ కర్టెన్లు మూసి ఉంటే డ్రైవరు నిద్రలో ఉన్నాడు, దగ్గరికి పోవద్దు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాలన్నది చట్టం కాబట్టి, టీ కప్పుతో బయట నిలబడ్డ డ్రైవరుకు తీరిక ఉంటుంది. అతణ్ణి మొదట బండి గురించి అడగండి, ఫోటో సంగతి తర్వాత.

ప్రతి బండికీ తేదీ, చోటు, నంబరు, యాక్సిళ్లు, ఎవరి లారీ అన్నవి అప్పటికప్పుడే ఫోనులో రాసుకోండి; ఇంటికెళ్లాక రాస్తే సగం నంబర్లు తప్పుతాయి. ఇళ్ల ముందు నిలిపిన పాత ఫోర్డ్ ఎస్కార్టులు, ల్యాండ్ రోవర్ల ఫోటోలు ఆన్‌లైన్లో పెట్టేటప్పుడు ప్లేటు, వీధి పేరు, ఫోటోలోని లొకేషన్ సమాచారం తీసేయండి. దొంగలు ఎక్కువగా కన్నేసేది ఆ రెండింటి మీదే.