చీనీ తోటలో కొత్త పురుగుమందు పరీక్షించే ముందు

తొలకరి వానలకు చీనీ (బత్తాయి), నిమ్మ చెట్లు లేత చిగురు వేస్తాయి. ఆకు లోపల తొలుస్తూ పాములాంటి చారలు చేసే పాముపొడ పురుగు, రసం పీల్చే సిల్లా పురుగు రెండూ గుడ్లు పెట్టేది ఆ చిగురు మీదే. కొత్త మందు కొట్టి చూద్దామని రైతుకు అనిపించేదీ అప్పుడే. తోటంతా కొట్టేసి, రెండు వారాలయ్యాక పురుగు తగ్గింది కదా అనుకుంటే అది పరీక్ష కాదు. ఆకు ముదిరితే పాముపొడ ఎలాగూ తగ్గుతుంది. అందుకే మందు కొట్టని చెట్లు కొన్ని వదలాల్సిందే. ఇది చేయకపోతే మిగతా శ్రమంతా వృథా అని నా గట్టి నమ్మకం.

ఆ చెట్లను గట్టు పక్కన ఓ మూల వదలొద్దు. ఒకే వయసు, ఒకేలా చిగురు ఉన్న చెట్లను తోటలో మూడు నాలుగు చోట్ల ఎంచుకోండి. ప్రతిచోటా కొత్త మందుకు ఒకటి, మీరు వాడుతున్న మందుకు ఒకటి, ఉత్తి నీళ్లకు ఒకటి ఉండాలి. తుంపర గాలికి పక్క చెట్టు మీద పడుతుంది కాబట్టి మధ్యలో ఒక్కో చెట్టును లెక్కలోంచి తీసేయండి. తోటలో ఆకులు పసుపుబారి చెట్టు క్షీణించే గ్రీనింగ్ తెగులు ఉంటే మాత్రం ఉత్తి నీళ్ల చెట్లు వద్దు, ఆ తెగులును మోసుకెళ్లేది సిల్లానే. అప్పుడు పాత మందుతో పోల్చుకుంటే చాలు.

పిచికారీకి ముందు రోజు, తర్వాత 3, 7, 14 రోజులకు లెక్కపెట్టండి. పాముపొడ చారలు పురుగు చచ్చినా ఆకు మీద అలాగే ఉంటాయి. చారల్ని కాదు, భూతద్దంతో చూసి లోపల బతికున్న పురుగుల్నే లెక్కించాలి. ఈ పురుగుల్ని తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు ఎన్ని మిగిలాయో కూడా రాసుకోండి. పురుగుతో పాటు వాటినీ చంపే మందుతో తర్వాత ఇబ్బందే.

పరీక్షించే మందులో ఇంకో మందు గానీ, పోషకం గానీ కలపొద్దు. కలుపుమందు కొట్టిన స్ప్రేయర్ అసలు వాడొద్దు. పూత మీద ఉంటే ఆగండి, తేనెటీగలు చస్తాయి.

లేబుల్ మీద మీ పంట పేరు లేని మందును సొంతంగా పరీక్షించొద్దు. డబ్బా మీద ఎరుపు త్రికోణం ఉంటే అది అన్నిటికన్నా విషపూరితం. గ్లౌజులు, మాస్కు, నిండు చేతుల చొక్కా లేకుండా దిగొద్దు, నాజిల్‌ను నోటితో ఊదొద్దు. తల తిరిగినా, వాంతి వచ్చినా వెంటనే పని ఆపి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్లండి. పిచికారీ తర్వాత కోతకు ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద రాసిన గడువు తీరేదాకా ఆ చెట్ల కాయలు కోయకండి, పరీక్ష అయినా సరే.