‘అనోహనా’ను ఎలా చూడాలి: దయ్యం కన్నా ముందు గమనించవలసినవి

జపాన్‌లో ఫూజీ టీవీ వారి ‘నోయిటమినా’ విభాగంలో 2011 ఏప్రిల్ నుంచి జూన్ వరకు ప్రసారమైన ‘అనోహనా’ అనే యానిమే (జపనీస్ యానిమేషన్) సిరీస్‌లో ఉన్నవి 11 ఎపిసోడ్లే. ఒక్కొక్కటి ఇంచుమించు 23 నిమిషాలే కనుక ఏకబిగిన చూసేయాలనిపిస్తుంది గానీ, అలా చూడకపోవడమే మంచిది. ఇందులో ప్రతి ఎపిసోడ్ ఎవరో ఒకరు దాచుకున్న మాటను కొంత బయటపెట్టి ఆగిపోతుంది; ఆ మాట మనసులో కాసేపు నానితేనే తరువాతి ఎపిసోడ్‌లో అదే మనిషి ప్రవర్తన అర్థమవుతుంది. రోజుకు రెండు చొప్పున చూడండి, చివరి రెండింటిని మాత్రం విడదీయకండి.

కథ గురించి ముందుగా తెలియవలసింది చాలా తక్కువ. చిన్నప్పుడు అడవిలోని ఒక పాకను రహస్య స్థావరంగా చేసుకొని ఆడుకున్న ఆరుగురిలో మెన్మా అనే అమ్మాయి ప్రమాదంలో చనిపోతుంది, మిగిలిన అయిదుగురు ఎవరి దారిన వారు విడిపోతారు. హైస్కూల్ వయసు వచ్చాక, బడికి వెళ్లడం మానేసి ఇంట్లోనే ఉండిపోయిన జింతాకు ఒక వేసవిలో మెన్మా కనిపించి తన కోరిక తీర్చమని అడుగుతుంది. ఆ కోరిక ఏమిటో ఆమెకే గుర్తులేదు. ఇంతకు మించి ఎవరు చెప్పబోయినా వినకండి.

జపనీస్ ఆడియోను సబ్‌టైటిళ్లతో చూడమని నా సలహా. కారణం గొంతుల నాణ్యత ఒక్కటే కాదు. ఈ సిరీస్‌లో ఒకరినొకరు పిలుచుకునే తీరులోనే సగం కథ ఉంది. జింతాన్, అనారు, యుకియాత్సు, త్సురుకో, పొప్పో అనేవన్నీ చిన్నప్పటి ముద్దుపేర్లు. పెద్దయ్యాక యుకియాత్సు జింతాను యాదోమి అనీ, జింతా అనారును అంజో అనీ ఇంటిపేర్లతో పిలవడం వినిపిస్తుంది. జపాన్‌లో ఇంటిపేరుతో పిలవడం సాధారణ మర్యాదే గానీ, ఒకప్పుడు ముద్దుపేరుతో పిలిచిన స్నేహితుడి నోట అదే మర్యాద వినడం ముఖం మీద తలుపు వేసినట్టు ఉంటుంది. సబ్‌టైటిళ్లలో ఈ తేడా ఒక్కోసారి కనిపించదు కాబట్టి, మొదటి రెండు ఎపిసోడ్లు చూసేటప్పుడు ఒక్కొక్కరి ముద్దుపేరు, ఇంటిపేరు పక్కపక్కన కాగితం మీద రాసుకోండి. తరువాత ఎవరు ఏ క్షణంలో పాత పేరుకు తిరిగి వచ్చారో చెవికే తెలుస్తుంది.

మెన్మా నిజంగా ఉందా, లేక జింతా భ్రమా అన్న ప్రశ్నను వెంటనే తేల్చుకోవాలని చూడకండి. జింతా కూడా మొదట ఆమెను మనసులోని ఒత్తిడి పుట్టించిన భ్రమగానే సరిపెట్టుకుంటాడు. దానికి బదులు, ఆమె అతనికి మాత్రమే కనిపిస్తుందని చెప్పినప్పుడు మిగిలిన నలుగురిలో ఎవరికి కోపం వచ్చింది, ఎవరు వెంటనే నమ్మారు, ఎవరు మౌనంగా ఉండిపోయారు అన్నది చూడండి. పొప్పో తేలికగా నమ్మడాన్ని అమాయకత్వం అనుకొని వదిలేయవద్దు. యుకియాత్సు కోపాన్ని గర్వం అనుకోవద్దు. నా దృష్టిలో ఈ సిరీస్‌లో అతీంద్రియ అంశం చేసే పని అయిదుగురినీ ఒకే గదిలోకి తీసుకురావడమే. రచయిత్రి మారి ఒకాదా కూడా చిన్నతనంలో బడికి వెళ్లలేకపోయిన మనిషి కావడం వల్లనేమో, గుమ్మం దాటడానికి జింతా తటపటాయించే దృశ్యాల్లో ఎక్కడా ఉపదేశం వినిపించదు.

మెన్మా ఇంటికి స్నేహితులు వెళ్లే సన్నివేశాన్ని ప్రత్యేకంగా గమనించండి. జపనీస్ ఇళ్లలో చనిపోయిన వారి ఫొటో ఉంచిన బౌద్ధ పూజాపీఠం ముందు అగరుబత్తి వెలిగించి చేతులు జోడించడం ఆచారం. ఆ పీఠం ఎదుట కూర్చున్న పిల్లలనూ, వారికి మర్యాద చేస్తూనే లోపల రగిలిపోతున్న తల్లినీ కలిపి చూస్తే, తరువాత ఆమె నోట వచ్చే మాటలు ఆశ్చర్యం కలిగించవు.

నేపథ్యం టోక్యోకు వాయవ్యంగా సైతామా ప్రిఫెక్చర్‌లో ఉన్న చిచిబు పట్టణం. ఒకాదా స్వస్థలం కూడా అదే. అక్కడి యోషిదా ప్రాంతంలో అక్టోబర్‌లో చేతితో చేసిన పెద్ద రాకెట్లను ఆకాశంలోకి వదిలే ర్యూసెయ్ ఉత్సవం జరుగుతుంది. ఈ సంగతి తెలిసి ఉంటే సిరీస్ రెండో సగంలో వచ్చే రాకెట్ ప్రయత్నం వింతగా అనిపించదు.

ముగింపు పాటను దాటవేయకండి. 2001లో జోన్ అనే బృందం విడుదల చేసిన పాటనే ఇక్కడ ముగ్గురు నటీమణులు, అంటే మెన్మా, అనారు, త్సురుకోలకు గొంతునిచ్చినవారు, మళ్లీ పాడారు. చాలా ఎపిసోడ్లలో ఆ పాట చివరి దృశ్యం పూర్తికాకముందే మొదలై మాటల కిందుగా సాగుతుంది కాబట్టి, దాన్ని తీసేస్తే దృశ్యమే కోసినట్టవుతుంది.

2013 ఆగస్టు 31న విడుదలైన సినిమాను సిరీస్ తరువాతే చూడాలి. ఏడాది గడిచాక స్నేహితులు మెన్మాకు ఉత్తరాలు రాయడం చుట్టూ అల్లిన ఆ సినిమాలో చాలా భాగం పాత దృశ్యాలే కనుక, సిరీస్ చూడని వారికి ముగింపు ముందే తెలిసిపోతుంది. చూసినవారు కూడా వెంటనే కాక, కొన్ని వారాలు ఆగి మొదలుపెట్టడం మేలు.