అమెరికాకి భార్యనో భర్తనో తీసుకెళ్లాలంటే: ఐ-864కి ఆదాయం లెక్క ఎలా తేల్చుకోవాలి?

స్టూడెంట్ వీసాకి ‘ఫండ్స్ చూపించడం’ మనవాళ్లకి కొత్తగా నేర్పక్కర్లేదు. ఎక్కడెక్కడి డబ్బో సర్ది, కొన్నాళ్లు ఖాతాలో నిలబెట్టి, బ్యాంకు లెటర్ తెచ్చుకుంటారు. గ్రీన్ కార్డుకి భార్యనో భర్తనో స్పాన్సర్ చేసేటప్పుడు ఆ విద్య పనికిరాదు. ఇక్కడ ముందు చూసేది మీకు ఏటా వచ్చే ఆదాయం. పైగా ఐ-864 అంటే వచ్చేవాళ్ల పోషణ బాధ్యత నాదేనని అమెరికా ప్రభుత్వానికి మీరు రాసిచ్చే ఒప్పందం, కోర్టులో చెల్లుతుంది కూడా.

1. అసలు మీకిది అవసరమా?

మీరు హెచ్-1బి మీద ఉండి భార్యని హెచ్-4 మీద తెచ్చుకుంటుంటే ఈ ఫారంతో పని లేదు. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డులో ఆమె మీతోపాటే ఉంటే, మామూలుగా అప్పుడూ అక్కర్లేదు. మీరు సిటిజన్ అయ్యో గ్రీన్ కార్డు ఉండో ఐ-130 (కుటుంబసభ్యుల గ్రీన్ కార్డు కోసం పెట్టే అర్జీ) వేసినప్పుడే ఇది తప్పనిసరి. మీకు రూపాయి ఆదాయం లేకపోయినా, ఇంకెవరు తోడు నిలిచినా, మీ వంతు ఐ-864 మీరు నింపాల్సిందే.

2. ఇంట్లో ఎంతమందో లెక్కపెట్టండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మీరు, ఇప్పుడు రాబోయే భార్య లేదా భర్త, పెళ్లికాని 21 ఏళ్లలోపు పిల్లలు, టాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్లుగా చూపించినవాళ్లు, ఇంతవరకు అందరికీ తెలుసు. ఇంతకుముందు మీరు ఐ-864 మీద తెచ్చినవాళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తారు. ఉదాహరణకి, డాలస్‌లో ఉన్న ఒకమ్మాయి సిటిజన్ కాగానే అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు చేయించింది. వాళ్లు ఏడాదిలో సగం గుంటూరులోనే ఉంటారు. ఇప్పుడు భర్తకి వేస్తోంది. ఇద్దరమే కదా అనుకుంటుంది, కానీ లెక్క ప్రకారం నలుగురు. అమ్మానాన్నలు గ్రీన్ కార్డు వదులుకుని పూర్తిగా తిరిగొచ్చేయడమో, సిటిజన్లవడమో లాంటిది జరిగితే తప్ప వాళ్ల బాధ్యత ఆమె మీదే ఉంటుంది.

3. ఎంత ఆదాయం ఉండాలి?

పేదరిక రేఖకి 125 శాతం. సైన్యంలో పనిచేస్తూ భార్యనో భర్తనో తెచ్చుకునేవాళ్లకి 100 శాతం చాలు. 2025 పట్టికలో అలాస్కా, హవాయి తప్ప మిగతా రాష్ట్రాలకి ఇద్దరుంటే 26,437 డాలర్లు, ముగ్గురికి 33,312, నలుగురికి 40,187. ఈ అంకెలు ఏటా మారతాయి కాబట్టి మీరు ఫారం పెట్టే నాటి ఐ-864పి పట్టికే చూసుకోండి.

4. కాగితాలు

కిందటేడాది టాక్స్ రిటర్న్ తప్పనిసరి. ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ట్రాన్స్‌క్రిప్ట్ దించుకుంటే పని సులువు. రిటర్న్ కాపీ పెడితే డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను లెక్కతో కంపెనీ ఇచ్చే కాగితాలు) కూడా జతచేయాలి. ఉద్యోగం కొత్తదైనా, జీతం పెరిగినా ఇప్పటి ఆదాయమే ముఖ్యం కాబట్టి ఆరు నెలల పే స్టబ్‌లు, కంపెనీ లెటర్ పెట్టండి. సొంతంగా కన్సల్టింగ్ చేసుకునేవాళ్లకి ఒక చిక్కు ఉంది: పన్ను తగ్గించుకోవడానికి రాసుకున్న ఖర్చులన్నీ ఇక్కడ మీ ఆదాయాన్నే తగ్గిస్తాయి. ఖాతాలో ఎంత పడిందన్నది కాదు, 1040లో (టాక్స్ రిటర్న్ ఫారం) మొత్తం ఆదాయం దగ్గర ఏముందన్నదే లెక్క.

ఇండియాలో ఉన్న భర్త జీతం ఎంత పెద్దదైనా, అక్కడికి వెళ్లాక కూడా అదే చోటునుంచి రాకపోతే పనికిరాదు.

5. తక్కువపడితే?

మూడు దారులున్నాయి. మీతో ఒకే ఇంట్లో ఉండే అన్నో తల్లో ఐ-864ఎ మీద సంతకం చేసి తమ ఆదాయం కలపొచ్చు.

రెండోది ఆస్తులు. సిటిజన్ భార్యకో భర్తకో వేస్తే లోటుకి మూడు రెట్లు, గ్రీన్ కార్డువాళ్లయితే ఐదు రెట్లు చూపాలి. పై అమ్మాయి ఆదాయం 34,187 అనుకుందాం. లోటు 6,000, కాబట్టి 18,000 డాలర్ల ఆస్తి కావాలి. అది భర్త పేరుమీద ఇండియాలో ఉన్నా చెల్లుతుంది, ఏడాదిలోపు డబ్బుగా మార్చి అమెరికాకి పంపగలిగితే చాలు. నా మటుకు ఫిక్స్‌డ్ డిపాజిట్ అన్నిటికన్నా నయం. పన్నెండు నెలల స్టేట్‌మెంట్ ముందుపెడితే నిన్నమొన్న సర్దిన డబ్బు కాదని తెలిసిపోతుంది. స్థలమైతే దస్తావేజు, ఈసీ, వాల్యుయేషన్ రిపోర్టు కావాలి. అప్పు ఉంటే అది తీసేయగా మిగిలిందే విలువ. నగల మీద ఆశ పెట్టుకోవద్దు.

మూడోది జాయింట్ స్పాన్సర్. బంధువే కానక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండి, అమెరికాలో కాపురముంటున్న సిటిజనో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో అయితే చాలు. అంటే రెండు లక్షల డాలర్ల జీతమున్న హెచ్-1బి స్నేహితుడు పనికిరాడు. వచ్చే మనిషిని కలుపుకుని తన ఇంటి లెక్కకి ఆయన ఆదాయం ఒక్కటే సరిపోవాలి. మీది కొంత, ఆయనది కొంత కలపడం కుదరదు.

“సంతకమే కదా బావా, ఏం కాదు” అని మాత్రం అడక్కండి. వచ్చినవాళ్లు సిటిజన్ అయ్యేదాకానో, నలభై క్వార్టర్ల పని (సుమారు పదేళ్లు) వాళ్ల లెక్కలో పడేదాకానో, దేశం వదిలి శాశ్వతంగా వెళ్లిపోయేదాకానో, చనిపోయేదాకానో ఈ బాధ్యత పోదు. విడాకులైనా పోదు. వాళ్లు కొన్ని రకాల ప్రభుత్వ సాయం తీసుకుంటే ఆ డబ్బు సంతకం పెట్టినవాళ్ల దగ్గర వసూలు చేయొచ్చు. ఇదంతా విన్నాక కూడా సరేనన్న బావే మీకు కావాల్సింది.

6. పంపడం

నోటరీ అక్కర్లేదు. పెన్నుతో సంతకం పెట్టి, స్కాన్ చేసి, భర్త ఇండియాలో ఉంటే ఎన్‌వీసీకి (నేషనల్ వీసా సెంటర్) ఆన్‌లైన్‌లో పంపాలి. ఇంటర్వ్యూ మామూలుగా ముంబై కాన్సులేట్‌లో ఉంటుంది, హైదరాబాద్‌లో కాదు. అప్పటికి కేసు నడుస్తూ నెలలు గడిచిపోతాయి కాబట్టి తాజా పే స్టబ్‌లు, ఈలోపు కొత్త రిటర్న్ వేసి ఉంటే అదీ భర్త చేతికి ఇచ్చి పంపండి.

ఆయన వచ్చాక మీరు ఇల్లు మారితే 30 రోజుల్లో ఐ-865 వేసి కొత్త చిరునామా చెప్పాలి. జాయింట్ స్పాన్సర్‌కీ ఇదే నియమం, ఆయనకీ ఓ మాట చెప్పి ఉంచండి.