సముద్రపు దొంగల బోటును చట్టప్రకారం పట్టుకోవడం ఎలా

విశాఖ ఫిషింగ్ హార్బర్ పక్కనే పుట్టి పెరిగాను. కోస్ట్ గార్డులో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా పేటలో కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు "మావయ్యా, దొంగల బోటు ఎదురైతే ఏం చేయాలి?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

మొట్టమొదట, ఎక్కడున్నారో రాసుకోండి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపు జరిగింది చట్టం దృష్టిలో పైరసీ (నడిసముద్రంలో ఓడల దోపిడీ) కాదు, మామూలు దోపిడీ. దానికి మామూలు క్రిమినల్ చట్టాలున్నాయి. ఆ గీత దాటాకే 2022 నాటి మారిటైమ్ యాంటీ పైరసీ చట్టం పనికొస్తుంది. అందుకే బోటు ఎక్కకముందే జీపీఎస్ పాయింటు, టైమ్ పుస్తకంలో ఎక్కాలి. పట్టుకునే అధికారం నేవీకి, కోస్ట్ గార్డుకి, ప్రభుత్వం అధికారమిచ్చిన ఉద్యోగులకే ఉంది. వేటకెళ్లిన మనవాళ్లకి అనుమానం వస్తే 1554కి ఫోన్ చేయాలి గానీ వెంటపడకూడదు.

దోపిడీ జరిగేదాకా ఆగక్కర్లేదు. బోటు ఎవరి చేతిలో ఉందో వాళ్లు దాన్ని పైరసీకి వాడాలనుకుంటే చాలు, అది దొంగ ఓడే. మరి మనసులో ఉన్నది ఎలా తెలుస్తుంది? బోటే చెబుతుంది. వేట బోటంటే వల ఉండాలి, ఐస్ ఉండాలి, చేపల వాసన ఉండాలి. అవేవీ లేకుండా కొక్కేలున్న పొడవాటి నిచ్చెన, పెట్రోలు డ్రమ్ములు, పెద్ద మోటారున్న చిన్న పడవలు, తుపాకులు కనిపించాయంటే ఇక ఆలోచించేదేముంది?

కానీ తొందరపడొద్దు. 2008 నవంబరులో సోమాలియా దగ్గరి గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మన నేవీ ఓడ ఐఎన్ఎస్ తబర్‌ని ఒక బోటులోని దొంగలు ఆయుధాలతో బెదిరించారు. ఎదురుకాల్పుల్లో ఆ బోటు మునిగిపోయింది. తర్వాత తెలిసింది, అది హైజాక్ అయిన థాయ్ చేపల బోటు. అందులోని పనివాళ్లలో ఒక్కడే ప్రాణాలతో దొరికాడు. అందుకే, లోపల బందీలున్నారనే అనుకుని మొదలుపెట్టండి. పైగా, సరైన కారణం లేకుండా పట్టుకుంటే ఆ ఓడ జెండా ఏ దేశానిదో ఆ దేశానికి మన ప్రభుత్వం నష్టపరిహారం కట్టాలి.

బోటు ఎక్కగానే మనుషుల్ని విడదీయండి, ఇంజిన్ రూమ్ దగ్గర కాపలా పెట్టండి. 1999లో హైజాకైన అలోండ్రా రెయిన్‌బో అనే జపాన్ ఓడని మనవాళ్లు తరిమినప్పుడు దొంగలు దాన్ని ముంచేయబోయారు. ఓడ దక్కింది. కింది కోర్టు శిక్ష కూడా వేసింది. కానీ 2005లో బాంబే హైకోర్టు అందరినీ వదిలేసింది. అప్పటికి మనకి పైరసీకంటూ ప్రత్యేక చట్టం లేదు. ఆ వార్త విన్నప్పుడు కలిగిన బాధ నాకింకా పోలేదు.

ఇప్పుడు చట్టం ఉంది, కాబట్టి బరువంతా పంచనామా మీదే. దోపిడీకి పనికొచ్చే ఆయుధాలు, సామాను నిందితుల దగ్గర దొరికితే, నేరం చేయలేదని వాళ్లే నిరూపించుకోవాల్సి రావచ్చు. ప్రతి తుపాకీ నంబరు, ప్రతి తూటా, ప్రతి ఫోను రాయండి. ఎక్కడ దొరికిందో అక్కడే ఉండగా ఫొటో తీసి, ఆ తర్వాతే కదపండి. ఒకసారి డీజిల్ స్మగ్లింగ్ బోటు మీద నేను 14 డ్రమ్ములని రాశాను. ఒడ్డున దించితే 15. ఆ ఒక్క డ్రమ్ము గురించి కోర్టులో గంటసేపు నిలబెట్టారు. అప్పట్నుంచి ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, రెండు లెక్కలూ కలిశాకే సంతకం పెట్టేవాళ్లం.

తర్వాత ఆలస్యం చేయకుండా పోలీసులకి అప్పగించాలి. 2024 మార్చిలో ఐఎన్ఎస్ కోల్‌కతా దాదాపు 40 గంటల ఆపరేషన్ తర్వాత ఎంవీ రుయెన్ ఓడలో 35 మంది దొంగల్ని లొంగదీసి, 17 మంది సిబ్బందిని కాపాడింది. హైజాక్ చేసిన ఆ ఓడనే దొంగలు మదర్ షిప్‌గా, అంటే చిన్న పడవల్ని దాడికి పంపే పెద్ద ఓడగా, వాడుకున్నారు. మార్చి 16న లొంగిపోయినవాళ్లు 23 నాటికి ముంబై పోలీసుల చేతిలో ఉన్నారు.

దేశాలన్నిటికీ వర్తించే ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం (UNCLOS) 105వ ఆర్టికల్ 'పట్టుకోవచ్చు' అంటుంది. అది చూపించి, పట్టుకోవడం మన ఇష్టమని కొందరంటారు. నేనొప్పుకోను. పైరసీని అణచడంలో దేశాలన్నీ సహకరించి తీరాలని 100వ ఆర్టికల్లో ఉంది. అధికారం చేతిలో ఉండి దొంగ బోటుని వదిలేస్తే, రేపు దాని దారిలో పడేది మన కుర్రాళ్లు పనిచేసే ఓడే కావచ్చు.

పట్టుకున్న బోటు గానీ, సామాను గానీ కోర్టు ఉత్తర్వు లేకుండా ఎవరికీ ఇవ్వకండి. యజమాని కాగితాలు పట్టుకొచ్చి బతిమాలినా సరే, కోర్టుకే పంపండి. అప్పగింత రసీదు కాపీ ఒకటి మీ దగ్గర దాచుకోండి. సాక్ష్యానికి పిలుపు ఎన్నేళ్లకైనా రావచ్చు.