వీధిలో వదిలేసిన బండిని తీయించడం ఎలా?

టైర్లు నేలకు దిగిపోయి, అద్దాల మీద పిల్లలు వేలితో పేర్లు రాసేంత దుమ్ము పట్టిన కారు హైదరాబాద్‌లో చాలా కాలనీల్లో కనిపిస్తుంది. అలాంటిది మలుపులో ఉంటే అంబులెన్స్ తిరగదు. వానాకాలం వస్తే అందులో నీళ్లు నిలిచి డెంగీ దోమలు చేరతాయి. అయినా "ఎవరిదో, మనకెందుకులే" అని అందరం పక్కనుంచి వెళ్లిపోతాం. అలా ఊరుకోనక్కర్లేదు.

మోటారు వాహనాల చట్టం (1988) 127వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో 10 గంటలు, అంతకుమించి వదిలేసిన బండిని తీయించే అధికారం ఆ ప్రాంత పోలీసులకు ఉంది. కాలిపోయిన, నుజ్జయిన, సగం విప్పేసిన బండి ట్రాఫిక్‌కు ప్రమాదంగా ఉంటే 10 గంటలు కూడా ఆగక్కర్లేదు. టోయింగ్ ఖర్చు యజమానిదే.

1. బండిని ముట్టుకోవద్దు. తలుపు తెరవడం, పక్కకు నెట్టడం, పార్టులు విప్పడం ఏదీ వద్దు. అది దొంగిలించిన బండి కావచ్చు, ఏదైనా కేసులో సాక్ష్యం కావచ్చు. అనవసరమైన టెన్షన్ మీ మెడకు చుట్టుకుంటుంది.

2. ఫొటోలు తీయండి. నంబర్ ప్లేటు, దిగిపోయిన టైర్లు, కింద మొలిచిన గడ్డి, రోడ్డు ఎంత మూసుకుపోయిందో తెలిసేలా దూరం నుంచి ఒకటి. వారం తర్వాత అదే చోట నిలబడి మళ్లీ తీయండి. బండి కదల్లేదని చెప్పడానికి ఈ రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే చాలు. ప్లేటు లేకపోతే రంగు, కంపెనీ, మోడల్ రాసుకోండి.

3. చుట్టుపక్కల అడగండి. చాలాసార్లు యజమాని పక్క వీధిలోనే ఉంటారు. ఊరెళ్లారో, ఆస్పత్రిలో ఉన్నారో తెలియదు కదా, ఒక మాట మర్యాదగా చెప్పి చూడాలి.

4. ఫలితం లేకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. దారికి అడ్డమైతే ట్రాఫిక్ పోలీసులకు, దొంగ బండి అన్న అనుమానం ఉంటే శాంతిభద్రతల స్టేషన్‌కు. కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద, నలుగురి సంతకాలతో ఇస్తే బరువుంటుంది. రసీదు తప్పకుండా తీసుకోండి. ప్రమాదం కళ్లెదుటే ఉంటే 112కు ఫోన్ చేయండి.

అపార్ట్‌మెంట్ సెల్లార్ సంగతి వేరు. అది మామూలుగా బహిరంగ స్థలం కాదు కాబట్టి 127వ సెక్షన్ అక్కడ పనికిరాదు. అసోసియేషనే ఫ్లాట్ యజమానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. బండి ఎవరిదో తేలకపోతే స్టేషన్‌కు తెలియజేయాలి.

తీసుకెళ్లిన బండి కోసం ఎవరూ రాకపోతే? సైబరాబాద్ లాంటి కమిషనరేట్లు జాబితా ప్రకటించి, హక్కుదారులు ముందుకు రావడానికి 6 నెలలు గడువిచ్చి, ఆ తర్వాత వేలం వేస్తాయి. అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ కూడా ఆ గడువులో క్లెయిమ్ చేసుకోవచ్చు.

ఇంతకీ ఆ బండి మీదే అయితే, దయచేసి కిలోల లెక్కన పాత ఇనుము కొట్టుకు ఇచ్చేయకండి. బండి ముక్కలైనా ఆర్‌సీ మీ పేరునే బతికి ఉంటుంది. ఆ నంబర్‌ను ఎవరైనా తప్పుడు పనికి వాడితే పోలీసులు ముందు తలుపు కొట్టేది మీ ఇంటికే. 2021 నాటి కేంద్ర నిబంధనల కింద రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వండి. దానికన్నా ముందు లోన్ ఉంటే తీర్చి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని అప్పిచ్చినవాళ్లు ఇచ్చే పత్రం) తెచ్చుకోండి, చలానాలు కట్టేయండి. బండి అప్పగించగానే ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌తో పాటు, తర్వాత వచ్చే స్క్రాపింగ్ సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకోండి. ఆర్‌సీ రద్దయిందో లేదో ఆర్టీఏలో చూసుకోండి.

డిపాజిట్ సర్టిఫికెట్‌ను పారేయొద్దు. దానితో కొత్త బండి కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. సొంత వాహనాలకు 25 శాతం దాకా, రవాణా వాహనాలకు 15 శాతం దాకా రోడ్ ట్యాక్స్‌లో రాయితీకి కేంద్రం వీలు కల్పించింది. అసలు ఎంత అన్నది రాష్ట్రం నిర్ణయిస్తుంది కాబట్టి కొనేముందు ఆర్టీఏలో అడగండి. మీకు అవసరం లేకపోతే ఆ సర్టిఫికెట్‌ను మరొకరికి అమ్ముకోవచ్చు కూడా.