అద్దాలు కడిగే పని – 4వ పాఠం: బ్రష్ దగ్గర నీళ్లు సన్నబడితే

మన మెషీనులో ట్రాలీ మీది ట్యాంకు నీళ్లను బ్యాటరీ పంపు పైపు గుండా పొడవాటి పోల్ చివర ఉన్న బ్రష్‌కి తోస్తుంది. పోయిన పాఠం చివర ఒక పని అప్పగించాను. ట్యాంకు నిండుగా, బ్యాటరీ పూర్తి ఛార్జింగులో ఉన్నప్పుడు బ్రష్‌ను లీటరు మగ్గులో పెట్టి, అది నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూసి, ఆ అంకెను ట్యాంకు మీద మార్కరుతో రాసుకోమన్నాను. రాయనివాళ్లు ఇక్కడే ఆగి, ముందు ఆ పని చేసి రండి. ఈ రోజు చెప్పేదంతా ఆ అంకెతోనే ముడిపడి ఉంది.

నా ట్రాలీ మీద 32 అని ఉంటుంది. లీటరుకు 32 సెకన్లు, అంటే నిమిషానికి రెండు లీటర్లకు కాస్త తక్కువ. మన పనికి అది చాలు. పొద్దున 32 ఉన్నది పది గంటలకల్లా 50 అయిందంటే ఎక్కడో ఏదో అడ్డుపడింది. "నీళ్లు తగ్గినట్టున్నాయండి" అంటే అది అనుమానం మాత్రమే. 32 కాస్తా 50 అయిందంటే అప్పుడు దాని వెంట పడొచ్చు.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నాకీ సంగతి తెలియదు. పాలకొల్లులో ఒక కల్యాణ మండపం అద్దాలు ఒప్పుకున్నాను. మర్నాడు అక్కడ పెళ్లి. మొదలుపెట్టిన అయిదు నిమిషాలకే బ్రష్ దగ్గర ధార సన్నబడింది. పంపు పోయిందనుకుని మెట్ల మీదే కూర్చుని స్క్రూలు విప్పేశాను. ప్రెషర్ స్విచ్ మూత తీయగానే లోపలి చిన్న స్ప్రింగు ఎగిరి డ్రైన్లో పడింది. చీకటి పడేదాకా ఆ డ్రైన్లో చేతులు పెట్టి వెతికాను, దొరకలేదు. పని వేరేవాళ్లకు పోయింది. ఇంటికొచ్చి చూస్తే పంపుకి ఏమీ కాలేదు. ట్యాంకు మూతకి గాలి లోపలికి వెళ్లడానికి ఒక సన్న బెజ్జం ఉంటుంది, అది మట్టితో పూడుకుపోయింది. నీళ్లు బయటికి పోతున్నాయి, వాటి చోటులోకి గాలి రావడం లేదు, ఇక పంపు ఎంతని లాగుతుంది? మూత అరమర తిప్పి వదులు చేసి ఉంటే ఆ పెళ్లి పని నాకు దక్కేది.

అందుకే మొదటి మాట ఇది: తప్పు ఎక్కడుందో తేలేదాకా స్క్రూడ్రైవరు సంచిలోనే ఉండాలి.

ముందు తూము దగ్గర చూడండి

శివారు చేలకు నీళ్లు అందకపోతే మన రైతు సరాసరి గోదావరి ఆనకట్ట దగ్గర కాలువ మొదలయ్యే విజ్జేశ్వరం వెళ్లిపోడు. తన తూము దగ్గరికెళ్లి చూస్తాడు. తూములో నీళ్లు బాగా వస్తుంటే తప్పు తన బోదెలో, అంటే చేలోకి వెళ్లే పిల్లకాలువలో ఉంది. రాకపోతే పైన కాలువలో ఉంది. ఒక్క చూపుతో సగం దూరం నడవాల్సిన అవసరం తప్పిపోతుంది.

మన మెషీను కూడా ఒక చిన్న కాలువే. ట్యాంకు, పీల్చే పైపు, స్ట్రైనర్ జాలీ, పంపు. అక్కడి నుంచి ఫిల్టరు, పొడవాటి పైపు, పోల్ లోపలి సన్న పైపు, చివర బ్రష్ మీద రెండు జెట్లు. ఈ దారిలో మన తూము, పంపు నుంచి నీళ్లు బయటికొచ్చే చోట పైపుని కలిపే కప్లింగు. దాన్ని పట్టుకుంటే దారి రెండు ముక్కలవుతుంది.

స్విచ్ ఆపండి. బ్రష్ వైపు ట్యాపు తెరిచి పైపులోని ఒత్తిడి వదిలేయండి. అది వదలకుండా కప్లింగు లాగితే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. ఇప్పుడు కప్లింగు ఊడదీసి, పంపు వైపు కొసను మగ్గులో పెట్టి స్విచ్ వేయండి. ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్ని కప్లింగులు ఊడదీయగానే లోపలి వాల్వు తనంతట తానే మూసుకుపోతుంది. అలాంటిదైతే నీళ్లు చుక్క కూడా రావు, మీరేమో పంపు చచ్చిపోయిందనుకుంటారు. దానికి సరిపోయే రెండో ముక్కను అడుగు పొడవు పైపు ముక్కకి బిగించి సంచిలో ఉంచుకోండి. పరీక్షకి దాన్నే తగిలించాలి.

నిమిషానికి అయిదు లీటర్ల పంపు అయితే, ముందు ఏ అడ్డూ లేనప్పుడు లీటరు మగ్గు 12 నుంచి 15 సెకన్లలో నిండాలి. నాది 14. ఈ అంకె కూడా ట్యాంకు మీద మొదటి దాని పక్కనే రాసుకోండి. ఇక్కడ మీ అంకె మీకు వచ్చిందంటే ట్యాంకు, జాలీ, పంపు, బ్యాటరీ అన్నీ బాగున్నట్టే. వాటిని ముట్టుకోవద్దు, తప్పు బోదెలో ఉంది. అంకె పెరిగిందంటే తప్పు పైన కాలువలో ఉంది, పైపు, పోల్, బ్రష్ జోలికి వెళ్లొద్దు.

చెవి చెప్పేది

మగ్గు తీసేలోపే పంపు శబ్దం మీకు సగం సంగతి చెబుతుంది. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకి నెల తిరిగేసరికి ఇది పట్టుబడుతుంది.

పంపు టక్... టక్... అని ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉంటే ముందు దారి మూసుకుపోయిందని అర్థం. నీళ్లు వెళ్లే దారి లేక ఒత్తిడి పెరుగుతుంది, 100 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) పంపు అయితే ఆ దరిదాపుల్లో ప్రెషర్ స్విచ్ కరెంటు ఆపేస్తుంది. కొద్దికొద్దిగా నీళ్లు జారి ఒత్తిడి తగ్గగానే మళ్లీ వేస్తుంది. పాపం అది తన పని తాను సరిగ్గా చేస్తోంది. "ఆయ్, పంపు పోయిందండి" అని నా దగ్గరికి తెచ్చిన వాటిలో చాలావరకు ఇలా టక్‌టక్‌మనేవే.

ఆగకుండా, బరువు లేనట్టు తేలిగ్గా గిర్రున తిరుగుతూ నీళ్లు మాత్రం రాకపోతే అది గాలి పీలుస్తోంది. బరువుగా మూలుగుతూ నెమ్మదిగా తిరిగితే బ్యాటరీ వైపు చూడాలి. అసలు శబ్దమే లేకపోతే ఫ్యూజు, స్విచ్, వైర్లు.

బోదెలో తప్పు ఉంటే

మళ్లీ సగం చేయండి. కప్లింగు తగిలించి, పొడవాటి పైపుని పోల్ దగ్గర ఊడదీసి మగ్గులో పెట్టండి. బాగా వస్తే పైపు మంచిదే, పోల్ గానీ జెట్లు గానీ పట్టాయి. రాకపోతే పైపు పొడవునా నడవండి. ట్రాలీ చక్రం కింద, ఆగి ఉన్న బండి టైరు కింద, గేటు సందులో నలిగి ఉంటుంది. ఒకసారి మడత పడిన చోట పైపు మెత్తబడి, ఎండ ఎక్కేసరికి మళ్లీ అక్కడే మడత పడుతుంది. ఆ అడుగు ముక్క కోసేసి జాయింటు వేసుకోవడమే మందు. చౌకగా వస్తుందని సన్న పైపు మార్చేవాళ్లున్నారు. లోపలి వ్యాసం సగమైతే అవే నీళ్లు తోయడానికి ఒత్తిడి 16 రెట్లకు పైగా కావాలి. ముప్పై మీటర్ల పైపులో ఆ తేడా పంపు మోయలేదు.

జెట్ల బెజ్జాలు సన్నవి. బోరు నీళ్లు పోసి నడిపితే వాటి నోటి చుట్టూ తెల్లగా సున్నం కడుతుంది. జెట్టు ఊడదీసి వెనిగర్లో అరగంట నానబెడితే కరిగిపోతుంది. నలక ఇరుక్కుంటే సూది పెట్టొద్దు. ప్లాస్టిక్ బెజ్జం గీరుకుపోయి వెడల్పవుతుంది, ధార చెదురుతుంది, రెండో జెట్టుకి నీళ్లు తగ్గుతాయి. కొబ్బరి ఈనె కొసను సన్నగా చీల్చి, బయటి నుంచి లోపలికి కాకుండా లోపలి వైపు నుంచి బయటికి తోయండి. మన దగ్గర ఈనెలకి కరువు లేదు. నా టూల్ సంచిలో ఎప్పుడూ పది ఉంటాయి.

పోల్ మడిచి ఉన్నప్పుడు ధార బాగుండి, పైకి లేపగానే తగ్గితే చాలామంది "ఎత్తు కదండీ" అని వదిలేస్తారు. ఎత్తు తినేది ఎంతో చూడండి. పది మీటర్ల ఎత్తుకి ఒక బార్, అంటే 14 పీఎస్‌ఐ. 100 పీఎస్‌ఐ పంపుకి అది పెద్ద లెక్క కాదు, ధార సగానికి పడిపోదు. పడిందంటే పోల్ లోపలి పైపు ఏ క్లాంపు దగ్గరో నలుగుతోంది, లేదా బ్రష్ మెడ దగ్గర వంగింది. ఒక్కో భాగాన్నే లాగుతూ ధార చూడండి, ఏ భాగం దగ్గర తగ్గిందో అక్కడే ఉంది.

ఈ పరీక్ష చేసేటప్పుడు ముందు తలెత్తి చూడండి. మన ఊళ్లలో కరెంటు తీగలు మేడల పిట్టగోడలకి చేతికందే దూరంలో పోతుంటాయి. కార్బన్ పోల్‌లో కరెంటు పారుతుంది, దానికి తోడు పైపు నిండా నీళ్లు. తీగలున్న వైపు పోల్ లేపొద్దు. పార్టీ ఎంత బతిమాలినా, ఎంత ఎక్కువ ఇస్తానన్నా ఆ పక్క అద్దాలు వదిలేయండి.

కాలువలో తప్పు ఉంటే

మొదట ట్యాంకు మూత. వదులు చేయగానే హుస్‌మని గాలి లోపలికి పోయి ధార పుంజుకుంటే దొరికినట్టే. బెజ్జం శుభ్రం చేయండి.

తర్వాత స్ట్రైనర్. పంపు నోటి దగ్గర చిన్న గిన్నె, లోపల జాలీ. జూలై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు కాలువ నీళ్లు పోసుకున్నవాళ్లకి ఈ జాలీ మీద ఒండ్రు మెత్తటి పూతలా పడుతుంది. చూపుకి జాలీ శుభ్రంగానే ఉన్నట్టుంటుంది. వేలితో రాస్తే బురద అంటుతుంది. పాత పళ్లు తోముకునే బ్రష్షుతో వెనక నుంచి కడగాలి. అదే ఒండ్రు, నీళ్లలో కరిగిన లవణాలు పట్టే రెజిన్ ఫిల్టర్లోకి వెళ్తే అక్కడా దారి మూస్తుంది. ఆ నెలల్లో నీళ్లు రాత్రి డ్రమ్ములో తేర్చి, పొద్దున పైనీళ్లే తీసుకోండి. తెల్ల ట్యాంకులో నీళ్లు నిల్వ ఉంచి ఎండలో వదిలితే పాచి పడుతుంది, ఆ పాచి పీచులు కూడా జాలీకే చుట్టుకుంటాయి. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి బోర్లించండి.

ఇప్పుడు గాలి. నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే, ఎందుకంటే ఈ లీకు నుంచి నీళ్లు కారవు. పంపుకి ముందున్న పైపులో ఉండేది పీల్పు. అక్కడ వెంట్రుక మందం సందు ఉన్నా నీళ్లు బయటికి రావు, గాలి లోపలికి పోతుంది. జాయింట్లన్నీ పొడిగా ఉంటాయి, మీరు అంతా బాగుందనుకుంటారు. జాలీ గిన్నె పారదర్శకంగా ఉంటే దగ్గరగా చూడండి. సన్న బుడగలు వరుసగా, సోడా సీసాలో లేచినట్టు పోతుంటాయి. అప్పుడు ఒక్కో జాయింటు మీద మగ్గుతో నీళ్లు పోస్తూ పంపు శబ్దం వినండి. సందు ఉన్న చోట నీళ్లు పడగానే అది గాలికి బదులు ఆ నీళ్లనే పీల్చుకుంటుంది, బుడగలు ఆగుతాయి, శబ్దం బరువెక్కుతుంది. ఎక్కువసార్లు గిన్నె ఓ-రింగు ఎండిపోయి ఉంటుంది, లేదా జాలీ కడిగి బిగించేటప్పుడు వంకర పడి ఉంటుంది. సిలికాన్ గ్రీజు కాస్త రాసి సరిగ్గా కూర్చోబెట్టండి. మరలున్న జాయింటైతే టెఫ్లాన్ టేపు.

ఇవన్నీ చూశాక కూడా మగ్గు నిండకపోతే కరెంటు. 12 వోల్టుల లెడ్ బ్యాటరీ నిండుగా ఛార్జయి, కాసేపు ఊరికే ఉంచితే మల్టీమీటరు 12.7 దగ్గర చూపాలి. పంపు తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, పంపు వైర్ల దగ్గర ఒకసారి చూడండి. రెండింటికీ మధ్య అర వోల్టు కంటే తేడా ఉంటే దారిలో ఏదో తినేస్తోంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో పనిచేసేవాళ్లకి క్లిప్పుల కింద పచ్చటి చిలుము పడుతుంది. గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగిస్తే పంపు గొంతే మారిపోతుంది.

పంపు విప్పాల్సింది అప్పుడే. లోపలి వాల్వు రబ్బరు కింద ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కున్నా అది సరిగ్గా మూసుకోదు. స్టీలు పళ్లెంలో పెట్టి విప్పండి, ఒక్కో ముక్క తీసినప్పుడల్లా ఫోటో తీసుకోండి.

వీపు ట్యాంకు వాడేవాళ్లకి ఒక మాట. చేలో మందు కొట్టే బ్యాటరీ పంపు లోపల, దీని లోపల ఉన్నది దాదాపు ఒకటే సరంజామా. పైన చెప్పిన పరీక్షలన్నీ దానికీ వర్తిస్తాయి. అలాగని ఇంట్లో ఉన్న మందు పంపునే కడిగి అద్దాలకి వాడకండి. ఎన్నిసార్లు కడిగినా పైపులో, రబ్బర్లలో మందు మిగులుతుంది. ఆ తుంపర మీ ముఖం మీద, కింద నడిచే పిల్లల మీద పడుతుంది.

ఈ వారం అభ్యాసం

ఇంట్లోవాళ్లనో స్నేహితుడినో మీరు చూడకుండా మెషీనులో ఒక తప్పు పెట్టమనండి. మూత బెజ్జానికి టేపు అంటించవచ్చు, జాలీ గిన్నె పావు మర వదులు చేయవచ్చు, పైపుకి ఎక్కడో బట్టల క్లిప్పు బిగించవచ్చు, ఒక జెట్టులో చీపురు పుల్ల ముక్క దూర్చవచ్చు. మీ దగ్గర మగ్గు, ఫోను, అడుగు పైపు మాత్రమే ఉండాలి. మొదట శబ్దం విని, తప్పు తూముకి పైన ఉందా కింద ఉందా బయటికి చెప్పండి, ఆ తర్వాతే కప్లింగు ఊడదీయండి. అయిదు నిమిషాల్లో దొరికేదాకా వేరే వేరే తప్పులతో రోజుకి రెండుసార్లు చేయండి. 5వ పాఠంలో నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే టీడీఎస్ మీటరు పట్టుకుంటాం. దానికి మీ ఇంటి బోరు నీళ్లు ఒక సీసా, కాలువ నీళ్లు ఒక సీసా, వాన నీళ్లు దొరికితే అవొక సీసా పట్టి, మీద పేరు రాసి ఉంచండి.