పి విలువ 0.05 లోపే ఉన్నా సర్జరీ ట్రయల్ ఫలితం నిలబడకపోతే

సమస్య: కొత్త కుట్టు పద్ధతిని పాత పద్ధతితో పోల్చిన ట్రయల్‌లో స్పష్టమైన తేడా కనిపించింది, కానీ ఒక్క రోగి వివరం సరిదిద్దగానే ఆ తేడా పోయింది.

కొత్త పద్ధతిలో 50 మందికి 1, పాత పద్ధతిలో 50 మందికి 8 చొప్పున గాయం ఇన్ఫెక్షన్లు వచ్చాయనుకుందాం. రెండు గుంపుల సంఖ్యలను పోల్చే ఫిషర్ పరీక్షలో పి విలువ, అంటే నిజంగా తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత, 0.03. సాధారణంగా ఇది 0.05 లోపు ఉంటేనే తేడాను లెక్కలోకి తీసుకుంటారు. ఆ 1ని 2 చేస్తే 0.09 అవుతుంది. ఎంతమంది ఫలితం మారితే పి విలువ 0.05కు చేరుతుందో లేదా దాటుతుందో ఆ సంఖ్యే ఫ్రాజిలిటీ ఇండెక్స్. ఇక్కడ అది 1. వెన్నెముక శస్త్రచికిత్సల్లో 40 ట్రయల్స్‌ను పరిశీలించి 2015లో వెలువడిన అధ్యయనంలో దీని మధ్యగత విలువ (వరుసలో పెడితే నడుమ వచ్చేది) 2 మాత్రమే.

కారణం: రోగుల సంఖ్య తక్కువ కావడం అందరికీ తెలిసినదే. నన్ను పలుమార్లు దెబ్బతీసింది మాత్రం ఫాలోఅప్‌కు, అంటే ఆపరేషన్ తర్వాతి పరీక్షకు, రానివారి లెక్క. కొత్త పద్ధతిలోని 50 మందిలో ముగ్గురు 30వ రోజు రాలేదని, షీట్‌లో ఖాళీగా ఉన్న వారి గడులను ఎవరో "ఇన్ఫెక్షన్ లేదు" అని నింపారని అనుకోండి. డిశ్చార్జ్ అయ్యాక గాయం చీము పట్టిన రోగి చాలాసార్లు ఆపరేషన్ చేసిన చోటికి తిరిగి రాడు, ఊళ్లో దగ్గరి డాక్టరు దగ్గరే కట్టు కట్టించుకుంటాడు. కాబట్టి రానివారందరూ బాగున్నట్టే అనుకోవడం చాలా ప్రమాదకరం. 2014లో 399 ట్రయల్స్‌ను పరిశీలించినప్పుడు సగానికి పైగా వాటిలో రానివారి సంఖ్య ఫ్రాజిలిటీ ఇండెక్స్ కంటే ఎక్కువగా ఉంది. ఎంతమంది చేరారో, ఎంతమంది మధ్యలో తప్పిపోయారో చూపే రోగుల ప్రవాహ చిత్రంలో ఒక్క నిమిషంలో కనిపించే ఈ సంఖ్యను చూడకుండానే ఆపరేషన్ పద్ధతి మార్చేసేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

పరిష్కారం: ముందు ఆ ముగ్గురికీ ఫోన్ చేయండి. దొరకకపోతే కొత్త పద్ధతిలో రానివారందరికీ ఇన్ఫెక్షన్ వచ్చిందని, పాత పద్ధతిలో రానివారెవరికీ రాలేదని భావించి మళ్లీ లెక్కించండి. తేడా అప్పటికీ నిలిస్తే నమ్మవచ్చు. నిలవకపోతే ఫలితం తప్పని కాదు, దాన్ని నిర్ధారించడానికి ఇంకా పెద్ద ట్రయల్ కావాలని అర్థం. రక్తస్రావం మిల్లీలీటర్లలో కొలిచిన ఫలితాలకు ఫ్రాజిలిటీ ఇండెక్స్ నేరుగా పనికిరాదు.

పరీక్ష ఎంపిక వల్ల కూడా అప్పుడప్పుడు తేడా వస్తుంది: 2కు 8 ఉన్నప్పుడు సవరణ లేని కై-స్క్వేర్ అనే మరో పరీక్ష పి విలువ 0.046 ఇస్తుంది, కాబట్టి ఇంత చిన్న సంఖ్యలకు ఫిషర్ వాడండి. కావాలని డేటా మార్చడం అరుదు. అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టవద్దు.

కొత్త ట్రయల్ మొదలుపెట్టేవారు సమ్మతి పత్రం తీసుకునే రోజే రోగి నంబరుతో పాటు ఇంట్లో మరొకరి నంబరు, ఊళ్లో చూపించుకునే డాక్టరు పేరు రాసుకోవాలి.